కొండ ఎక్కే ఇంజను గొప్పదా, దిగే ఇంజనా?

తెనాలి నుంచి రేపల్లెకి రైలు దారి 34 కిలోమీటర్లు. 1916లో, మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వే హయాంలో పడిన లైను. వేమూరు, భట్టిప్రోలు మీదుగా అటూ ఇటూ వరి చేలే. దారిలో ఎక్కడా ఇంజను రొప్పాల్సిన పని లేదు. ఇదే 34 కిలోమీటర్లనూ విశాఖ నుంచి అరకు వెళ్లే ఘాట్ వాలులో వేసి ఉంటే ఎలా ఉండేదో ఒకసారి లెక్క కట్టి చూద్దాం. అక్కడ 60 మీటర్లు ముందుకు పోతే పట్టా ఒక మీటరు పైకి లేస్తుంది. ఆ లెక్కన రేపల్లె స్టేషను తెనాలి కంటే 566 మీటర్ల ఎత్తున ఉండాలి. ముంబయి–పుణె దారిలోని భోర్ ఘాట్ వాలు 37కి ఒకటి. దాని ప్రకారమైతే 918 మీటర్లు. ఊటీ కొండ రైలు లెక్కన 2,700 మీటర్లు దాటుతుంది. ఇక స్విట్జర్లాండులో 1937 నుంచి కరెంటు మీద నడుస్తున్న పిలాటస్ కొండ రైలు వాలులో వేస్తే రేపల్లె 16 కిలోమీటర్ల ఎత్తుకు చేరుతుంది. ప్రయాణికుల విమానాలు కూడా అంత ఎత్తున ఎగరవు.

ఊటీ, పిలాటస్ దారుల్లో పట్టాల మధ్య పళ్ల పట్టీలు ఉంటాయి. బండ్లు వాటిని పళ్ల చక్రంతో పట్టుకుని పైకి పాకుతాయి. ఇక్కడ చెప్పబోయేది అలాంటి ఊతం లేని ఇంజన్ల గురించి. నున్నటి ఉక్కు చక్రం, నున్నటి ఉక్కు పట్టా, వెనక వేల టన్నుల లోడు. వీటితోనే కొండ ఎక్కాలి. అంతకంటే కష్టం, వీటితోనే దిగాలి.

శిమిలిగూడ బోర్డు

ప్రతి స్టేషను పసుప్పచ్చ బోర్డు మీదా ఊరి పేరు కింద సముద్ర మట్టం నుంచి ఎత్తు రాసి ఉంటుంది. బాపట్లలో ఆ అంకెను ఎవరూ చదవరు. చదవడానికి అక్కడ పెద్దగా ఏమీ లేదు కూడా, సముద్రం పక్కనే ఉంది కదా. బొర్రా గుహలు దాటాక, అరకుకు ముందు వచ్చే శిమిలిగూడలో మాత్రం జనం ఆ బోర్డు దగ్గర నిలబడి ఫొటోలు దిగుతారు. అక్కడి అంకె 996.32 మీటర్లు. చాలా ఏళ్లు మన దేశంలో అన్నిటికంటే ఎత్తున ఉన్న బ్రాడ్‌గేజి స్టేషను అదే. కాశ్మీరు లోయలో రైలు నడవడం మొదలయ్యాక ఆ రికార్డు పోయింది, కాజీగుండ్ అంతకు ఎన్నో వందల మీటర్ల ఎత్తున ఉంది. శిమిలిగూడది ప్రపంచ రికార్డని ఇప్పటికీ కొందరు రాస్తుంటారు. స్పెయిన్‌లోనూ బ్రాడ్‌గేజే ఉంది, అక్కడి పట్టాలు వెయ్యి మీటర్ల ఎత్తును ఎప్పుడో దాటాయి. రాసేముందు పటం తెరిచి చూస్తే తెలిసిపోయేది.

కొత్తవలస–కిరండోల్ లైను, రైల్వే వాళ్ల నోట కే.కే. లైను, అసలు ప్రయాణికుల కోసం పుట్టింది కాదు. బైలాడిలా కొండల్లో మేలురకం ఇనప ఖనిజం ఉంది, జపాన్ ఉక్కు మిల్లులకు అది కావాలి. 1960లో పని మొదలుపెట్టి ఆ దశాబ్దం చివరికల్లా తూర్పు కనుమలను తొలుచుకుంటూ సుమారు 446 కిలోమీటర్ల దారి వేశారు. 58 సొరంగాలు, 84 పెద్ద వంతెనలు. 2017లో వచ్చిన అద్దాల విస్టాడోమ్ పెట్టెలో కూర్చుని పిల్లలు సొరంగాలు లెక్కపెడతారు. లెక్క సరిగ్గా తేలినవాళ్లు తక్కువ. బొర్రా గుహల నెత్తి మీదుగా రైలు పోతుందని కింద ఉన్న యాత్రికుల్లో చాలామందికి తెలియదు.

ముందు డీజిలుతో నడిచిన ఈ లైనుకు 1980ల మొదట్లో కరెంటు వచ్చింది. దానితో పాటు కొండ కోసం ప్రత్యేకంగా ఇంజన్లు వెతకాల్సిన అవసరమూ వచ్చింది.

పద్దెనిమిది ఇంజన్లు, మూడు జాతులు

ఆ దశాబ్దంలో గూడ్సుకు పెద్ద దిక్కు వాగ్-5. డబ్ల్యూ అంటే బ్రాడ్‌గేజి, ఏ అంటే ఏసీ కరెంటు, జి అంటే గూడ్సు. ఈ మూడు అక్షరాలను కలిపి రైలు పిచ్చివాళ్లు ముద్దుగా వాగ్ అంటారు. 1984లో తయారీ మొదలైంది, శక్తి 3,850 హార్స్‌పవర్. వెయ్యికి పైగా చేశారు. విజయవాడ ఎలక్ట్రిక్ లోకో షెడ్డు పేరు రాసుకున్న వాగ్-5లు తెనాలి ప్లాట్‌ఫారం మీదుగా ఎన్ని గూడ్సులు లాక్కెళ్లాయో! ఆ ఇంజన్లనే కే.కే. లైనులో మూడింటిని ముందు వరసగా కట్టి ఒకే డ్రైవరు చేత నడిపించారు. అరకు వెళ్లినవాళ్లకు ఆ మూడింజన్ల బండి గుర్తుండే ఉంటుంది.

మూడింటి పని తక్కువ ఇంజన్లతో జరగాలని రైల్వే శాఖ విదేశాల వైపు చూసింది. 1987–88లో 18 ఇంజన్లు ఓడల్లో దిగాయి. స్వీడన్‌కు చెందిన ఆసియా (ASEA) కంపెనీవి ఆరు, వాటి పేరు వాగ్-6ఎ. జపాన్ హిటాచీవి పన్నెండు, ఆరు 6బి, ఆరు 6సి. ఒక్కొక్కటి 6,000 హార్స్‌పవర్ పైమాటే. మన దేశంలో అంతకు ముందు అంత శక్తి ఉన్న కరెంటు ఇంజను లేదు. అన్నిటినీ వాల్తేరు షెడ్డుకు ఇచ్చారు, అన్నిటినీ ఈ కొండ లైనులోనే నడిపారు.

స్వీడన్, జపాన్‌ల దగ్గరికే పోవడం నాకు తమాషాగా తోస్తుంది. జపాన్‌కు ఖనిజం కావాలి కాబట్టి లైను పడింది. ఇరవై ఏళ్ల తరవాత ఆ ఖనిజాన్ని మోయడానికి జపాన్ నుంచే ఇంజను వచ్చింది. స్వీడన్ సంగతి చూస్తే, ఆ దేశానికీ ఉత్తరాన మంచులో కిరూనా నుంచి నార్వే రేవు నార్విక్‌కు పోయే ఇనప ఖనిజం లైను ఉంది. కొండ మీంచి సముద్రానికి ఖనిజం దింపడం వాళ్లకు వందేళ్ల అలవాటు. పైగా థైరిస్టర్లనే ఎలక్ట్రానిక్ స్విచ్చులతో నడిచే ఇంజనును పెద్ద సంఖ్యలో మొదట తయారు చేసింది ఆసియా కంపెనీయే, 1967లో, ఆర్‌సీ అనే పేరుతో. అంతవరకు ఇంజన్లలో కరెంటును మెట్లు మెట్లుగా పెంచేవాళ్లు, మెట్టు మారినప్పుడల్లా కుదుపు. ఆ కుదుపుకు కొండ మీద చక్రం జారుతుంది. థైరిస్టరు వచ్చాక మెట్లు పోయి నున్నటి వాలు వచ్చినట్టయింది.

6ఎ, 6బి ఇంజన్ల కింద మూడు బోగీలు (చక్రాల చట్రాలు), ఒక్కొక్కదానికి రెండేసి ఇరుసులు. 6సికి రెండే బోగీలు, మూడేసి ఇరుసులు. ఆరు ఇరుసులను మూడు ముక్కలుగా పంచితే గట్టి మలుపుల్లో బోగీ సులువుగా తిరుగుతుంది, పట్టా అరుగుదల తగ్గుతుంది. స్విస్ వాళ్లు 1972 నుంచి 1980 వరకు తయారు చేసుకున్న 89 రీ 6/6 కొండ ఇంజన్లదీ ఇదే మూడు బోగీల అమరిక. వాటి శక్తి 10,600 హార్స్‌పవర్.

ఇంత చేసీ మన పద్దెనిమిది పద్దెనిమిదిగానే మిగిలాయి. మళ్లీ ఆర్డరు పెట్టలేదు. మూడు నమూనాలు, ఒక్కోటి ఆరే, అన్నీ దిగుమతి. ఏ షెడ్డుకైనా ఇది తలనొప్పి సంసారమే. ఈలోగా లోకం థైరిస్టర్లను దాటి మూడు ఫేజుల మోటార్లకు పోయింది. ఆసియా కంపెనీ కూడా 1988లో స్విట్జర్లాండుకు చెందిన బ్రౌన్ బొవేరీతో కలిసి ఏబీబీ అయింది. ఆ ఏబీబీ నుంచే 1996లో వాగ్-9 మన దేశానికి వచ్చింది. 1998 నవంబరు 14న చిత్తరంజన్‌లో తయారైన మొదటి వాగ్-9కు నవయుగ్ అని పేరు పెట్టారు. శక్తి మళ్లీ 6,000 హార్స్‌పవర్ పైచిలుకే. ఇప్పుడు బాపట్ల గేటు దగ్గర స్కూటర్లు ఆపుకుని నిలబడ్డవాళ్ల ముందు నుంచి వరసగా పోయే గూడ్సుల్లో ఎక్కువ వాటికి ఇదే కట్టి ఉంటుంది. వాగ్-6లు అన్నీ సర్వీసు నుంచి వెళ్లిపోయాయి. వాటి పెదనాన్న కొడుకు మాత్రం ఊరూరా తిరుగుతున్నాడు.

గుర్రాలు ఎక్కువైనా బరువు కావాలి

రికార్డుల పుస్తకాలు హార్స్‌పవర్ దగ్గర ఆగిపోతాయి. కొండ ఆ లెక్కతో ఆగదు. 4,000 టన్నుల బండి చదును నేల మీద నిలకడగా పోవాలంటే టన్నుకు రెండు మూడు కిలోల లాగుడు చాలు, మొత్తం పది టన్నుల చుట్టుపక్కలే. అదే బండి 60కి ఒకటి వాలు ఎక్కుతుంటే దాని బరువులో అరవయ్యో వంతు, అంటే 66 టన్నులు, అదనంగా వెనక్కి లాగుతుంది. మొత్తం 75 టన్నుల దాకా కావాలి.

ఇప్పుడు మన దేశంలో అన్నిటికంటే శక్తిమంతమైన ఇంజను వాగ్-12బి. బీహార్‌లోని మాధేపురాలో ఆల్స్‌టామ్‌తో కలిసి తయారు చేస్తున్నారు, 2020 మే నెలలో మొదటిసారి గూడ్సు లాగింది. 12,000 హార్స్‌పవర్, 180 టన్నుల బరువు. కదిలేటప్పుడు దాని లాగుడు 706 కిలోన్యూటన్లు, అంటే దాదాపు 72 టన్నులు. మన లెక్కలోని బండిని అది అరకు ఘాట్ మధ్యలో ఒంటరిగా కదిలించలేదు. మూడు వాగ్-5లు కడితే హార్స్‌పవర్ 11,550 మాత్రమే, అయినా లాగుడు వంద టన్నుల దగ్గరికి వస్తుంది. కారణం చక్రాల మీద పడే బరువు. మూడు పాత ఇంజన్లు కలిపి 350 టన్నులకు పైగా పట్టాను అదుముతాయి. హార్స్‌పవర్ చెప్పేది ఎంత వేగంగా లాగగలదో. ఎంత బరువు కదిలించగలదో చెప్పేది ఇంజను ఒంటి బరువు, పట్టా పొడిగా ఉందా తడిగా ఉందా అన్న సంగతి. కాబట్టి 12,000 హార్స్‌పవర్ ఇంజను తెనాలి–బాపట్ల లాంటి చదును దారిలోనే తన సొగసు చూపిస్తుంది. కొండకు వెళ్లినప్పుడు తోడు వెతుక్కుంటుంది.

పట్టా తడిసిందంటే? తెనాలి ప్లాట్‌ఫారం మీద గూడ్సు ఆగినప్పుడు ఇంజను కిందికి ఒకసారి వంగి చూడండి. చక్రానికి ముందు, పట్టాకు బెత్తెడు పైన, మూతి కిందికి వంచిన సన్నటి గొట్టం కనిపిస్తుంది. పైన పెట్టెలో ఇసుక ఉంటుంది. చక్రం జారగానే గాలి ఒత్తిడితో ఆ ఇసుక చక్రానికీ పట్టాకూ మధ్యకు చిమ్ముతుంది, నలిగి పిండై పట్టు ఇస్తుంది. అది పొడి ఇసుక అయి తీరాలి, చెమ్మ తగిలితే గొట్టంలోనే గడ్డ కడుతుంది. అందుకని షెడ్డులో ఆరబెట్టి, జల్లించి మరీ నింపుతారు. కోట్ల రూపాయల ఎలక్ట్రానిక్స్ ఉన్న ఇంజను వానాకాలం ఘాట్ ఎక్కాలంటే ఈ గుప్పెడు ఇసుక మీదే ఆధారపడాలి.

దిగడంలో ఉంది అసలు పరీక్ష

కే.కే. లైనులో ఖనిజం నిండిన బండ్లు కిరండోల్ నుంచి విశాఖ వైపు వస్తాయి. దారిలో జయపురం నుంచి కోరాపుట్‌కు ఎక్కక తప్పదు. కానీ శిమిలిగూడ దాటాక ఉన్నదంతా దిగుడే. ఖాళీ బండ్లే కొండ ఎక్కుతాయి. అంటే అరకు ఘాట్‌లో ఇంజను ముఖ్యమైన పని లాగడం కాదు, పట్టి ఆపడం.

గాలి బ్రేకు ఉంది కదా అనవచ్చు. ఉంది. కానీ పదే పదే వేస్తే పెట్టెల కింద ట్యాంకుల్లో గాలి తరిగిపోతుంది, మళ్లీ నిండడానికి సమయం కావాలి. చక్రాలు కాగి బ్రేకు పట్టు సడలుతుంది. అందుకే ఇంజను మోటార్లనే జనరేటర్లుగా మార్చి, అవి తిరగడానికి పడే కష్టంతో బండిని బిగపట్టి ఉంచుతారు. బండిని నిలపాల్సినప్పటికి గాలి బ్రేకును దాచుకుంటారు. పాత ఇంజన్లలో అలా పుట్టిన కరెంటును ఇనప రెసిస్టర్లలో మండించి, పంకాలతో వేడిని గాల్లోకి ఊదేసేవాళ్లు. వాగ్-9, వాగ్-12 దాన్ని తిరిగి పై తీగలోకే పంపిస్తాయి.

ఎంత కరెంటు? కాగితం మీద కట్టి చూశాను. 4,000 టన్నుల బండి 900 మీటర్లు కిందికి దిగితే విడుదలయ్యే శక్తి సుమారు 9,800 యూనిట్లు. నెలకు 200 యూనిట్లు కాల్చే ఒక తెనాలి ఇంటికి నాలుగేళ్ల కరెంటు. రాపిడికి, యంత్రాల్లో నష్టానికి కొంత పోగా మిగిలిందే తీగలోకి చేరుతుంది. కిరూనా లైనులో ఈ లెక్క నిజంగానే నడుస్తోంది. అక్కడి ఐయోర్ ఇంజను జంట శక్తి 10,800 కిలోవాట్లు, 68 వ్యాగన్లలో 8,600 టన్నుల బండిని లాగుతుంది. నిండు బండి నార్వే సరిహద్దు నుంచి నార్విక్ రేవుకు దిగుతూ పుట్టించిన కరెంటు, ఖాళీ బండి మళ్లీ సరిహద్దు దాకా ఎక్కడానికి సరిపోతుంది.

ఇది నిన్న మొన్నటి తెలివి కూడా కాదు. అమెరికాలో మిల్వాకీ రోడ్ కంపెనీ 1915 ప్రాంతంలో రాకీ పర్వతాల్లో కరెంటు రైలు వేసినప్పుడే దిగే బండి చేత తీగకు కరెంటు ఇప్పించింది. గొథార్డ్ కనుమలో 1919 నుంచి వచ్చిన స్విస్ మొసలి ఇంజన్లలోనూ ఆ ఏర్పాటు ఉంది. ముందూ వెనకా పొడుగాటి మూతులు, నడుమ గది, మలుపులో మొసలి ఒళ్లు తిప్పినట్టు తిరుగుతుంది కాబట్టి ఆ పేరు. మొదటి ప్రపంచ యుద్ధంలో బొగ్గు దొరక్క స్విస్ వాళ్లు కొండ నీటి కరెంటు వైపు మళ్లారు. అదే తీరు మొసళ్లు 1928 నుంచి మన భోర్ ఘాట్, థాల్ ఘాట్‌లలోనూ తిరిగాయి, 41 ఇంజన్లు, ఒక్కొక్కటి 2,600 హార్స్‌పవర్. వాటిలో ఒకదాన్ని ఢిల్లీ రైల్ మ్యూజియంలో చూడవచ్చు.

భోర్ ఘాట్‌లో దిగుడుకు ఇంకో కాపలా ఉంది, క్యాచ్ సైడింగ్. అసలు దారి పక్కనుంచి ఎదురెక్కే ఒక పట్టా, చివర ఏమీ ఉండదు. దిగే బండి అదుపులోనే ఉందని తేలేదాకా పాయింట్లు ఆ ఎక్కుడు పట్టా వైపే ఉంటాయి. బ్రేకు అందని బండి అందులోకి దూరి, వాలు ఎక్కి, ఊపు చచ్చి ఆగిపోవాలి.

దిగుడు రికార్డు ఒకటి స్విస్ వాళ్ల పేరు మీదే ఉంది. 2022 అక్టోబరు 29న రేషియన్ రైల్వే ఆల్బులా కనుమ లైనులో 25 విద్యుత్ రైళ్లను ఒకదానికొకటి తగిలించింది. 100 పెట్టెలు, 1,910 మీటర్ల పొడవు. ప్రపంచంలో అన్నిటికంటే పొడవైన ప్రయాణికుల రైలుగా గిన్నిస్‌కెక్కింది. ఏడుగురు డ్రైవర్లు ఒకరితో ఒకరు మాట్లాడుకుంటూ దాన్ని కొండ మీంచి కిందికి నడిపారు. ఎక్కించలేదు, దించారు! వాళ్ల పెద్ద బెంగ కూడా కరెంటు చాలదని కాదు. పాతిక రైళ్లూ ఒకేసారి బ్రేకు వేస్తే పుట్టే కరెంటుకు తీగ తట్టుకోదేమోనని. అందుకే తీగకు పంపే కరెంటుకు హద్దు పెట్టి, మెల్లగా దించారు.

ఇంకొన్ని అంకెలు

1939లో జూరిక్ ప్రదర్శనకు స్విస్ రైల్వే ఏఈ 8/14 అనే జంట ఇంజను తెచ్చింది. 8,000 కిలోవాట్లు దాటిన శక్తి, అప్పటికి ప్రపంచంలో అదే పెద్దది. 81 ఏళ్ల తరవాత వచ్చిన మన వాగ్-12బి 9,000 కిలోవాట్లు. తేడా అంతే! ఆ స్విస్ ఏనుగు మాత్రం మొత్తం మూడే పుట్టింది. అది లాగగలిగినంత లోడుకు పెట్టెల మధ్య కొక్కేలు తట్టుకునేవి కావు.

ఇప్పటి ప్రపంచ రికార్డు చైనాది. 2020లో సీఆర్‌ఆర్‌సీ తయారు చేసిన ఆరు ముక్కల ఇంజను శక్తి 28,800 కిలోవాట్లు, పొడవు 106 మీటర్లు. 83కి ఒకటి వాలులో 10,000 టన్నుల బొగ్గు ఎక్కించడం దాని పని. ఆరు ముక్కలను ఒక ఇంజను అనాలా, ఆరు ఇంజన్లు అనాలా అని రైలు పిచ్చివాళ్లు కొట్టుకుంటున్నారు. నా ఓటు ఆరుకే.

పొడుగు బండ్లలో మనవాళ్లూ తక్కువ తినలేదు. 2021 అక్టోబరు 7న దక్షిణ మధ్య రైల్వే మూడు గూడ్సులను ఒకటిగా కట్టి, 177 వ్యాగన్ల త్రిశూల్‌ను విజయవాడ పక్కన కొండపల్లి నుంచి ఖుర్దా డివిజను వైపు పంపింది. మరుసటి ఏడు ఆగస్టు 15న ఛత్తీస్‌గఢ్‌లో 295 వ్యాగన్ల సూపర్ వాసుకి ఆరు ఇంజన్లతో 27,000 టన్నుల బొగ్గు మోసింది. ఇలాంటి బండ్లను అరకు ఘాట్‌లోకి తీసుకుపోరు. సగం బండి శిఖరం దాటి దిగుతూ, సగం ఇంకా ఎక్కుతూ ఉంటే కొక్కేల మీద పడే గుంజుడు ఊహించుకోండి.

గొథార్డ్‌లో మాత్రం ఈ తంటానే లేకుండా చేసుకున్నారు. 2016 జూన్ 1న కొండ అడుగున 57 కిలోమీటర్ల సొరంగం తెరిచారు, ప్రపంచంలో అన్నిటికంటే పొడవైన రైలు సొరంగం. పాత దారి వందల మీటర్లు పైకి ఎక్కి దిగేది, కొత్తది దాదాపు చదును. రెండేసి మూడేసి ఇంజన్లు కట్టే అవసరం తగ్గింది. 10,600 హార్స్‌పవర్ రీ 6/6లు ఒక్కొక్కటీ పాత సామానుకు పోతున్నాయి, వందేళ్లు దాటిన మొసళ్లను మాత్రం రంగులేసి పండగలకు నడిపిస్తున్నారు.